ఊళ్ళు కాదు, పెట్టెలు లెక్కపెట్టండి

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. వచ్చే మే నెల మధ్యలో ఐరోపా వెళ్ళాలనుకుంటున్నాం. మొత్తం 16 రాత్రులు. నేను, నా భార్య, ఎనిమిదేళ్ళ పాప, మా అమ్మానాన్నలు. నాన్నకు 68, అమ్మకు 64. అమ్మకు మోకాళ్ళ నొప్పి ఉంది కానీ నడవగలదు. పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, జ్యూరిక్, ఇంటర్‌లాకెన్, మిలాన్, వెనిస్, ఫ్లారెన్స్, రోమ్ అని జాబితా రాసుకున్నాను. పారిస్‌లో కారు అద్దెకు తీసుకుని రోమ్‌లో అప్పగించాలన్నది నా ఆలోచన. పన్నెండేళ్ళుగా కారు నడుపుతున్నాను. రైలు పాసు కొంటే మేలని మా బావమరిది అంటున్నాడు. ఏది మంచిది? దిగేది పారిస్‌లో కాబట్టి వీసా ఫ్రాన్స్‌కే పెట్టుకోవాలా?

జవాబు: మీ జాబితా చూడగానే నేను ఊళ్ళను లెక్కపెట్టలేదు, పెట్టెలు ఎన్నిసార్లు సర్దాలో లెక్కపెట్టాను. తొమ్మిది ఊళ్ళంటే ఎనిమిది సార్లు. అక్కడి హోటళ్ళలో ఉదయం పది, పదకొండుకల్లా గది ఖాళీ చేయమంటారు. కొత్త ఊళ్ళో గది మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు గానీ చేతికి రాదు. ఆ మధ్యలో ఐదుగురు మనుషులు, ఐదు పెట్టెలు, ఆకలేస్తోందనే పాప, కూర్చోవడానికి చోటు వెతుక్కునే అమ్మగారు. ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు చేజారిపోతుంది. ఎనిమిది సగాలు కలిపితే నాలుగు రోజులు. అంత ఖర్చు పెట్టి, అంత దూరం వెళ్ళి, నాలుగు రోజులు సామాను మోయడానికే సరిపెట్టడం నాకు మనస్కరించలేదు.

నా సలహా ఇది: పారిస్‌లో నాలుగు రాత్రులు, స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్, ఇంటర్‌లాకెన్‌ల బదులు లూసర్న్‌లో నాలుగు, ఇటలీలోని ఫ్లారెన్స్‌లో రెండు, ఆ చుట్టుపక్కలి టస్కనీ ప్రాంతపు పల్లెలో మూడు, రోమ్‌లో మూడు. మొత్తం పదహారు. పెట్టెలు సర్దేది నాలుగే సార్లు. విమానం టికెట్టు పారిస్‌కు వెళ్ళేలా, రోమ్ నుంచి తిరిగి వచ్చేలా ఒకే బుకింగ్‌లో తీసుకోండి. ఏజెంట్లు దీన్ని మల్టీ సిటీ టికెట్టు అంటారు. దిగిన చోటికే తిరిగి రావాల్సిన పని లేకపోవడం వల్ల ఒక పూర్తి రోజు మిగులుతుంది.

బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్ తీసేశాను, ఎందుకంటే అవి పారిస్‌కు ఉత్తరాన ఉన్నాయి, మీరు వెళ్ళాల్సింది దక్షిణానికి. మిలాన్‌లో రైలు మారండి, చాలు. వెనిస్ తీసేయమని చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. కానీ ఆ ఊళ్ళో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి, వాటిలో చాలావాటికి మెట్లే. స్టేషన్ నుంచి హోటల్‌కు చేరేలోపే మూడు నాలుగు వంతెనలు ఎక్కి దిగాల్సి రావచ్చు, అదీ పెట్టెలు పట్టుకుని. మీ అమ్మగారి మోకాళ్ళ గురించి మీరే రాశారు. వెనిస్‌ను మీ దంపతులిద్దరూ మరోసారి చూడవచ్చు.

ఇక కారు సంగతి. పారిస్ నుంచి రోమ్‌కు తిన్నగా వెళితేనే రోడ్డు మీద 1,400 కిలోమీటర్లు, అంటే దగ్గరదగ్గర హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఉన్నంత. మీ జాబితాలోని ఊళ్ళన్నీ చుడితే రెండు వేలు దాటిపోతుంది. నడిపేది మీరొక్కరే. ఒక దేశంలో తీసుకున్న కారును మరో దేశంలో అప్పగిస్తే వేసే అదనపు రుసుము కొన్నిసార్లు అద్దెనే మించిపోతుంది. ఫ్రాన్స్‌లో, ఇటలీలో టోల్ వేరు. స్విట్జర్లాండ్ మోటారు మార్గాల మీద తిరగాలంటే 40 ఫ్రాంకుల స్టిక్కరు వేరు. ఇంతా చేసి పారిస్, ఫ్లారెన్స్, రోమ్ లాంటి నగరాల్లో ఆ కారు మీకు ఎందుకూ పనికిరాదు. పార్కింగుకు డబ్బు కట్టి ఊరకే నిలబెట్టుకోవాలి.

అలాగని కారు వద్దనను. నగరం నుంచి నగరానికి రైలు, రైలు వెళ్ళని పల్లెలకు మాత్రమే కారు. మీ ప్రయాణంలో అలాంటి చోటు ఒక్కటే, టస్కనీ. అక్కడ మూడు రోజులు కారు లేకపోతే చూడాల్సినవి చూడలేరు.

ముందు రైళ్ళ గురించి చెబుతాను. పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్ నుంచి టీజీవీ అనే ఫ్రాన్స్ వేగపు రైలు ఎక్కితే మూడు గంటల్లో స్విట్జర్లాండ్ సరిహద్దులోని బాసెల్, అక్కడ మారితే ఒక గంటలో లూసర్న్. పారిస్‌లో పెద్ద స్టేషన్లు చాలా ఉన్నాయి, పేర్లన్నీ గార్ అనే మొదలవుతాయి. టికెట్టు మీద పూర్తి పేరు చూసుకోండి. లూసర్న్ నుంచి మిలాన్‌కు మూడు గంటల పైచిలుకు, 57 కిలోమీటర్ల గొథార్డ్ సొరంగం గుండా. 2016లో తెరిచిన ఈ సొరంగం ప్రపంచంలోని రైలు సొరంగాలన్నింటిలోకీ పొడవైనది. మీ పాపకు ముందే చెప్పి ఉంచితే గడియారం పట్టుకుని కూర్చుంటుంది. మిలాన్ నుంచి ఫ్లారెన్స్‌కు రెండు గంటల లోపే. ఫ్లారెన్స్ నుంచి రోమ్‌కు గంటన్నర.

మీ బావమరిది చెప్పిన యూరైల్ పాసు మంచిదే, కానీ మీకు కాదు. అది రోజుకో ఊరు తిరిగేవాళ్ళకు లాభం. మీవి దూరపు ప్రయాణాలు నాలుగే. పైగా పాసు ఉన్నా టీజీవీలో, ఇటలీ వేగపు రైళ్ళలో సీటుకు విడిగా డబ్బు కట్టి రిజర్వు చేసుకోవాలి. దూరపు రైళ్ళకు టికెట్లు విడివిడిగా, ముందుగా కొనుక్కోండి. అక్కడి ధరలు మన విమానం ధరల్లా ప్రయాణం దగ్గరపడే కొద్దీ పెరుగుతాయి. మూడు నాలుగు నెలల ముందు కొన్నవాళ్ళకూ వారం ముందు కొన్నవాళ్ళకూ రెండు మూడు రెట్లు తేడా ఉండవచ్చు. అయితే అతి చవక టికెట్లు రద్దు చేస్తే డబ్బు తిరిగి రాదు, కాబట్టి అవి వీసా చేతికి వచ్చాకే.

స్విట్జర్లాండ్‌లో మాత్రం పాసు తీసుకోండి. నాలుగు రోజుల స్విస్ ట్రావెల్ పాసుతో రైళ్ళు, బస్సులు, సరస్సు మీద పడవలు అన్నీ ఎక్కవచ్చు. దాంతో పాటు ఫ్యామిలీ కార్డు అడగండి, ఉచితంగా ఇస్తారు. తల్లిదండ్రుల్లో ఒకరు వెంట ఉంటే 16 ఏళ్ళ లోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు. పాసును బాసెల్‌లో దిగిన రోజు నుంచి మొదలుపెట్టండి. ఐదో రోజు మిలాన్ రైలుకు ఎలాగూ విడి టికెట్టు ఉంటుంది.

మీరు ఇంటర్‌లాకెన్ అని రాసింది యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అనే మంచుకొండ కనుమ కోసమే అయి ఉంటుంది. అది 3,454 మీటర్ల ఎత్తు. పెద్దవాళ్ళకు అక్కడ ఊపిరి బరువుగా అనిపించవచ్చు. పాసు ఉన్నా పైదాకా ఉచితం కాదు, ఖర్చు బాగా ఎక్కువ. దాని బదులు రిగి కొండకు వెళ్ళండి. నేను మా అమ్మతో వెళ్ళాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. లూసర్న్ రైల్వేస్టేషన్ ఎదురుగానే పడవ ఎక్కాం. గంటసేపు సరస్సు మీద ప్రయాణం. విట్స్‌నావ్ రేవులో దిగితే పళ్ళచక్రాల రైలు పక్కనే నిలబడి ఉంది. 1871లో మొదలైన రైలు మార్గం అది, ఐరోపాలో కొండెక్కిన మొట్టమొదటి రైలు. పైన స్టేషన్ దగ్గర బల్ల మీద కూర్చుంటే ఒకవైపు మంచుకొండల వరస, మరోవైపు కింద నీళ్ళు, ఆవుల మెడగంటల చప్పుడు. అమ్మ చేతిసంచిలోంచి పులిహోర డబ్బా తీసింది. రెండు గంటలు ఎవరం లేవలేదు. ఎత్తు 1,800 మీటర్ల లోపే, కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఆ పడవ, ఆ రైలు రెండూ పాసులోనే వస్తాయి.

రైలు ఎక్కే పద్ధతి కూడా చెప్పాలి, మన అలవాటు వేరు. అక్కడ వెయిటింగ్ లిస్టు, ఆర్ఏసీ అనేవి ఉండవు. కూలీలు ఉండరు. ఏ ప్లాట్‌ఫాం అన్నది పారిస్‌లో సుమారు ఇరవై నిమిషాల ముందే బోర్డు మీద కనిపిస్తుంది. టీజీవీ తలుపులు బయలుదేరే సమయానికి రెండు నిమిషాల ముందే మూసేస్తారు. ఇది రెండంతస్తుల రైలు, బుకింగ్ చేసేటప్పుడే కింది అంతస్తు సీట్లు అడగండి. ఎవరి పెట్టె వాళ్ళు ఎత్తుకోగలగాలి, అదే కొలత. పెద్ద సూట్‌కేసులు రెండు తీసుకెళ్ళే బదులు చిన్నవి ఐదు నయం. మిలాన్‌లో రెండు రైళ్ళ మధ్య కనీసం గంటా పావు ఉంచుకోండి. విడివిడి టికెట్లయితే మొదటి రైలు ఆలస్యమైనా రెండోది మీ కోసం ఆగదు, డబ్బూ తిరిగి ఇవ్వరు.

ఇటలీలో మామూలు ప్రాంతీయ రైలుకు కాగితం టికెట్టు కొంటే, ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరి చిన్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్టు ఉన్నా జరిమానా. సీటు నంబరు ఉన్న వేగపు రైళ్ళకు ఇది అవసరం లేదు. అక్కడ సమ్మెలు కూడా తరచు జరుగుతాయి. షోపెరో అంటే సమ్మె. తేదీ ముందే ప్రకటిస్తారు, కాబట్టి ప్రయాణానికి రెండు రోజుల ముందు హోటల్ వాళ్ళను అడగండి. సమ్మె ఉన్నా పనిదినాల్లో ఉదయం ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య కొన్ని ప్రాంతీయ రైళ్ళు తప్పకుండా నడుపుతారు.

ఇప్పుడు టస్కనీ. కారును ఫ్లారెన్స్ నగరం మధ్యలో తీసుకోకండి. శాంతా మరియా నోవెల్లా స్టేషన్ దగ్గర టీ2 ట్రామ్ ఎక్కితే ఇరవై నిమిషాల్లో విమానాశ్రయం, అక్కడ తీసుకోండి. కారణం జడ్‌టీఎల్. ఇటలీలో పాత ఊళ్ళ మధ్యభాగాలకు బయటి వాహనాలు రాకుండా పెట్టిన హద్దు అది. గేటు ఉండదు, పోలీసు ఉండడు. తెల్లని పలక మీద ఎర్రని వలయం, పైన ఒక కెమెరా, అంతే.

ఏడేళ్ళ క్రితం నేను ఫ్లారెన్స్‌లో హోటల్ గుమ్మం ముందు సామాను దింపి రెండు నిమిషాల్లో వెనుదిరిగాను. ఎవరూ ఆపలేదు. ఇంటికి వచ్చిన రెండు నెలలకు అద్దె సంస్థ నా వివరాలు పోలీసులకు ఇచ్చినందుకని కార్డు మీద కొంత డబ్బు వసూలు చేసింది. మరో మూడు నెలలకు ఇటలీ నుంచి రిజిస్టర్డు కవరు వచ్చింది. లోపల ఒకటి కాదు, రెండు జరిమానాలు. లోపలికి వెళ్ళేటప్పుడు ఒక కెమెరా, బయటికి వచ్చేటప్పుడు మరొకటి పట్టుకున్నాయి. ఫోనులో మ్యాపు ఆ సందులోంచే దారి చూపించింది. కాబట్టి ఎర్రని వలయం కనిపిస్తే వెనక హారన్ మోగినా సరే, పక్కకు తిప్పేయండి. హోటల్ జడ్‌టీఎల్ లోపల ఉండి కారు తీసుకెళ్ళక తప్పకపోతే, ముందే కారు నంబరు పంపి నమోదు చేయించమని వాళ్ళను అడగాలి.

బస మాత్రం ఊళ్ళో కాకుండా, సియెనాకూ మోంతెపుల్చానోకూ మధ్య ఏదైనా పొలంలోని ఇంట్లో తీసుకోండి. రైతులే అతిథులకు గదులిచ్చే ఈ ఇళ్ళను అగ్రితురిస్మో అంటారు. చాలావాటిలో వంటగది ఉంటుంది, అమ్మగారు అన్నం వండుకోవచ్చు. అక్కడి లోయ పేరు వాల్ దోర్చా, 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మే చివర చేలు పచ్చగా ఉంటాయి, గట్ల మీద ఎర్రని పోపీ పూలు. ఒకరోజు సియెనా, ఒకరోజు పియెంజా, మోంతెపుల్చానో. మిగిలిన పూట ఎటూ వెళ్ళకండి. సియెనా కొండ మీది ఊరు, అయినా స్టేషన్ నుంచీ కొన్ని పార్కింగుల నుంచీ పైదాకా ఎస్కలేటర్లు ఉన్నాయి. ఏ ఊరికి వెళ్ళినా కారు ప్రాకారం బయటే. తెల్ల గీతల మధ్య పార్కింగ్ ఉచితం, నీలం గీతలైతే డబ్బు కట్టాలి, పసుపు గీతలు మనవి కావు.

పన్నెండేళ్ళ అనుభవం ఉందన్నారు. అది కుడివైపు కూర్చుని ఎడమవైపు నడిపిన అనుభవం. అక్కడ ఎడమ సీటులో కూర్చుంటారు, కుడివైపు నడుపుతారు. గేరు కోసం ఎడమ చెయ్యి తలుపుకు తగులుతుంది. ఇండికేటర్ అనుకుని వైపర్ వేస్తారు. గేరు బాధ లేకుండా ఆటోమేటిక్ కారే తీసుకోండి. అక్కడ అవి తక్కువ, అద్దె కొంచెం ఎక్కువ, కనుక ముందే బుక్ చేయాలి. రౌండ్ అబౌట్‌లో తిరిగేది మనకు వ్యతిరేక దిశలో, లోపల ఉన్నవాళ్ళకే దారి. మొదటి రోజు భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి మలుపు దగ్గర ‘కుడి’ అని పైకి చెప్పమనండి. చీకటి పడ్డాక నడపకండి. మోటారు మార్గంలో గరిష్ఠ వేగం 130, వానలో 110, మామూలు రోడ్ల మీద 90, ఊళ్ళో 50. ఆ కొండదారుల్లో గంటకు యాభై కిలోమీటర్లు సాగితే చాలనుకుని లెక్క వేసుకోండి. టోల్ గేటు దగ్గర టెలీపాస్ అని రాసిన పసుపు వరసలోకి మాత్రం వెళ్ళకండి. అది మన ఫాస్టాగ్ లాంటిది.

ఐదు సీట్ల కారులో ఐదుగురు పడతారు, ఐదు పెట్టెలు పట్టవు. ఏడు సీట్లదో, వెనక పొడవుగా ఉండే స్టేషన్ వ్యాగనో అడగండి. ఇటలీలో 150 సెంటీమీటర్ల కంటే పొట్టి పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి, పాపకు బూస్టర్ సీటు బుకింగ్‌లోనే చేర్చండి. డ్రైవరు పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి, దాని మీద కొంత సొమ్ము డిపాజిట్‌గా ఆపి ఉంచుతారు. డెబిట్ కార్డు చూపిస్తే చాలాచోట్ల కారు ఇవ్వరు. తాళం చేతికి రాగానే కారు చుట్టూ తిరిగి వీడియో తీయండి, చక్రాల అంచులతో సహా. బీమాలో చక్రాలు, అద్దాలు వస్తాయో లేదో అడగండి, చాలాసార్లు రావు. పెట్రోలును ఇటలీలో బెంజీనా అంటారు, డీజిల్‌ను గజోలియో. ఐరోపా అంతటా పెట్రోలు గుర్తు వృత్తంలో, డీజిల్ గుర్తు చతురస్రంలో ఉంటుంది. ట్యాంకు మూత మీది గుర్తూ పంపు మీది గుర్తూ ఒకటే అయితే తప్పు జరగదు.

మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. రవాణా కార్యాలయానికి 4ఏ ఫారంతో దరఖాస్తు చేయాలి. ఫీజు వెయ్యి రూపాయలు, సేవా రుసుము అదనం. పాస్‌పోర్టు ప్రతి జత చేయాలి. వీసా ఉండాలన్న షరతును 2021లో తీసేశారు. ఏడాది పాటు చెల్లుతుంది.

వీసా ప్రశ్నకు వద్దాం. దిగేది పారిస్‌లో అయినా దరఖాస్తు ఇటలీకి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే పెట్టాలన్నది షెంగెన్, అంటే ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల కూటమి, నియమం. నేను చెప్పిన లెక్కలో ఫ్రాన్స్ నాలుగు, స్విట్జర్లాండ్ నాలుగు, ఇటలీ ఎనిమిది. రాత్రులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం చూస్తారు. ఫీజు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 45. కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. మే 14న బయలుదేరితే నవంబరు 14 నుంచి. ఆలస్యం చేయకండి, వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం. అంతవరకు హోటళ్ళన్నీ ఉచితంగా రద్దు చేసుకునే షరతుతో పట్టుకోండి.

రోజులు అమర్చేటప్పుడు సెలవులు చూసుకోండి. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూస్తారు, ఫ్లారెన్స్‌లో ఉఫీజీ సోమవారం, వాటికన్ మ్యూజియంలు నెలలో చివరిది తప్ప అన్ని ఆదివారాలూ. ఈఫిల్ టవర్ లిఫ్టు టికెట్లు 60 రోజుల ముందు విడుదలవుతాయి, ఆ రోజే కొనాలి. పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లకు లిఫ్టు లేదు. 14వ లైను మాత్రం అన్ని స్టేషన్లలో లిఫ్టులతో ఉంది, గార్ ద లియోన్ మీదుగానే వెళుతుంది. ఆ లైను పక్కన బస చూసుకుని మిగతా చోట్లకు బస్సుల్లో తిరగండి. అన్నం మీద మనసు పోతే గార్ దు నార్ వెనక లా షాపెల్ వీధుల్లో శ్రీలంక తమిళుల హోటళ్ళు, కిరాణా దుకాణాలు ఉన్నాయి. ఇంటి నుంచి కందిపొడి, ఆవకాయ తీసుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా వద్దు. బయటి దేశాల పాల పదార్థాలను, మాంసాన్ని సామానులో రానివ్వరు.

చివరిగా అమ్మగారి కోసం ఒక పని. చెప్పులతో ఈ ఊళ్ళు తిరగలేరు. పారిస్ నుంచి రోమ్ దాకా పాత వీధులన్నీ ఎగుడుదిగుడు రాళ్ళే. మెత్తటి అడుగున్న బూట్లు ఇప్పుడే కొనండి, ప్రయాణానికి వారం ముందు కాదు. రోజూ సాయంత్రం గోదావరి గట్టు మీద అరగంటతో మొదలుపెట్టి గంటదాకా నడిపించండి. పాపను కూడా వెంట పంపండి, నానమ్మ మానేస్తానంటే ఒప్పుకోదు.